మూడుసార్లు మోగిన చలిభేరి

అనగనగా, ఎండ ఎక్కువై నీడకు గిరాకీ పెరిగిన ఒకానొక దేశంలో, వెచ్చగిరి అనే రాజ్యం ఉండేది. పేరుకు తగ్గట్టే అక్కడ ఏడాదంతా వెచ్చదనమే. చెప్పుల్లేకుండా నడిస్తే వేసవిలో అరికాళ్లు చుర్రుమనేవి. చలికాలంలో కాస్త తక్కువ చుర్రుమనేవి. అంతే తేడా.

అలాంటి చోట చలిని ఎవరు లెక్కచేస్తారు? కానీ వెచ్చగిరి వాళ్లకు చలితోనే పెద్ద చిక్కు. అది చెప్పి వచ్చేది కాదు. రోజుల తరబడి ఉక్కపోసి, జనమంతా విసనకర్రలు చేతబట్టుకున్నాక, ఒక సాయంత్రం ఉన్నట్టుండి పళ్లు టకటకలాడించేది. కొన్నేళ్లు అసలు ముఖమే చూపించేది కాదు. కొన్నేళ్లు ఒక్కరోజే వచ్చి, ఏడాది కసి అంతా ఆ ఒక్కరోజులోనే తీర్చుకుని పోయేది.

ఆ రాజ్యానికి తిండి పెట్టేవి గొర్రెలు. కోటకు ఎదురుగా ఉన్న గుట్ట మీది చదునులో నల్లగొర్రెల మందలు మేసేవి. వాటి ఉన్నితో నేసిన గొంగళ్లంటే ఇరుగుపొరుగు రాజ్యాల వాళ్లు ఎగబడి కొనేవారు. గుట్ట మీది గడ్డి ఎండిపోతే దాని ముళ్లన్నీ ఉన్నిలో చిక్కుకుని, ఉన్ని దేనికీ పనికిరాకుండా పోయేది. అందుకని గడ్డి పచ్చగా ఉండగానే, అంటే చలికాలం నడిమధ్యనే, వెచ్చగిరిలో ఉన్ని కత్తిరించేవారు. కత్తిరించాక కొన్నాళ్లు గొర్రె ఒంటి మీద ఏమీ ఉండదు. ఆ నాలుగు రోజుల్లో చలివాన పడిందా, మంద పోయినట్టే. మందతో పాటు దాన్ని నమ్ముకున్న ఇళ్లూ పోయినట్టే.

అందుకే కోట బురుజు మీద ఒక పెద్ద భేరి ఉండేది. దాని పేరు చలిభేరి. దాన్ని మోగించేవాణ్ని భేరికాపు అనేవారు. గాలినీ మబ్బునీ చూసి, ఇక చలి రాదని తోచిన రోజున అతడు భేరి మోగించాలి. అది వినగానే రాజ్యంలోని గొల్లలంతా ఒక్కరోజులో కత్తెరలు పట్టాలి. అది ఆచారం.

దానికి ఒక నియమం కూడా ఉండేది. భేరి ఏడాదికి ఒక్కసారే మోగాలి. మోగించినవాడు మనసు మార్చుకుని రెండోసారి మోగిస్తే కొలువు పోతుంది. మూడోసారి మోగిస్తే రాజ్యమే వదిలి పోవాలి. మాట తిప్పేవాడు మనకొద్దని పూర్వపు రాజులు పెట్టిన నియమం అది. ఆనాటి నుంచి ఒక్క భేరికాపు కూడా రెండోసారి మోగించలేదు. వాళ్లెవరూ పొరబడలేదని కాదు సుమా. పొరబడ్డారు, నోరు మూసుకున్నారు.

ఈ కథ నాటి భేరికాపు పేరు కొమరన్న. అతడి తండ్రి ఓబన్న కూడా భేరికాపే. ఒక ఏడు ఓబన్న భేరి మోగించిన మర్నాడే చలివాన కురిసింది. వాన వస్తోందని ముందే కనిపించినా, ఓబన్న చేతులు కట్టుకుని బురుజు మీద అలాగే నిలబడ్డాడు. సగం మందలు పోయాయి. రాజుగారు మాత్రం మెచ్చుకుని, మాట తప్పని మనిషివయ్యా అంటూ అతడి చేతికి బంగారు కడియం తొడిగారు. ఆ కడియాన్ని ఓబన్న మళ్లీ ఏనాడూ తొడుక్కోలేదు. ఎందుకని చిన్నప్పుడు కొమరన్న అడిగితే, నోట్లో ముద్ద మింగలేక విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

సరే, ఇక కథలోకి వద్దాం.

ఆ ఏడు పుష్యమాసం మరీ వెచ్చగా ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి గోరువెచ్చగా వీస్తోంది. మంత్రి చండకీర్తి రోజూ బురుజెక్కి వచ్చేవాడు.

"ఏమయ్యా కొమరన్నా, వర్తకులు బళ్లు కట్టుకుని కూర్చున్నారు. ఇంకా ఎన్నాళ్లు ఆకాశం వంక నోరు తెరుచుకుని చూస్తావు?"

కొమరన్న ఒకరోజు తెల్లవారగానే నాలుగు దిక్కులూ చూశాడు. మళ్లీ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కర్ర ఎత్తి భేరి మోగించాడు.

ధాం! ధాం! ధాం!

వెచ్చగిరి అంతా పండగైపోయింది. గొల్లలు మందల్ని కోట ముందరి మైదానానికి తోలుకొచ్చారు. కత్తెరలు కిచకిచలాడాయి. నల్లటి ఉన్ని కుప్పలుగా పేరుకుంది.

ఆ రోజుల్లో గొర్రెలకు మాటలొచ్చేవి. వినే తీరికే మనుషులకు ఉండేది కాదు. గొల్లల పెద్ద బీరమ్మ మందలో నల్లదొర అని ఒక ముసలి పొట్టేలు ఉండేది. తన వంతు వచ్చేసరికి అది బురుజు మీదికి తలెత్తి అడిగింది.

"ఏం కొమరన్నా, ఇక చలి రాదంటావా?"

"రాదు, దొరా."

"వస్తేనో?"

"రాదన్నానుగా!"

"నీకేం, ఎన్నయినా అంటావు. మీకు చలేస్తే గొంగళి కప్పుకుంటారు. మాకు చలేస్తే ఏం కప్పుకోవాలి? మా గొంగళి మీ దగ్గరే ఉంటుందాయె!"

చుట్టూ ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. కొమరన్న కూడా నవ్వాడు గానీ, నవ్వుతూనే మరోసారి ఆకాశం వంక చూశాడు.

మధ్యాహ్నానికి కత్తిరింపు ముగిసింది. గొర్రెలన్నీ సన్నబడిపోయి, ఎముకలు కనిపిస్తూ, ఎవరివో పాత బొమ్మల్లా ఉన్నాయి. బీరమ్మ ముందు నడవగా గొల్లలు వాటిని మళ్లీ గుట్ట మీదికి తోలుకుపోయారు. కొమరన్న బురుజు మీద కూర్చుని జొన్నరొట్టె మూట విప్పాడు.

అప్పుడు అతడి మెడ వెనక చల్లగా ఏదో తగిలింది.

గాలి. పొద్దుటి గాలి కాదది. ఈశాన్యం నుంచి సన్నగా, నీళ్లలో ముంచిన గుడ్డ తాకినట్టు తగిలింది. కొమరన్న రొట్టె పక్కన పెట్టి లేచాడు. ఊళ్లోని పొయ్యిల పొగ పొద్దున నిటారుగా లేచింది, ఇప్పుడు నైరుతి వైపు వాలిపోతోంది. దూరంగా, నేలా నింగీ కలిసే చోట, కాటుక గీసినట్టు ఒక నల్లని చార.

అలాంటి చారలు అతడు చాలానే చూశాడు. చాలామటుకు ఎటో కొట్టుకుపోయినవే. ఇదీ అలాంటిదే కావచ్చు. కాకపోవచ్చు కూడా. చెబితే కొలువు ఎలాగూ పోతుంది, అది ఉత్తి మబ్బే అయితే ఊరంతా నవ్వుతుంది కూడా. చెప్పక, అది చలివానే అయితే గుట్ట మీద ఒక్క గొర్రె మిగలదు.

చూస్తూ ఉంటే కాసేపట్లో తేలిపోతుంది, అప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాడు. కానీ మంద గుట్ట దిగాలంటే చాలా సేపు పడుతుంది. తేలేదాకా ఆగితే దిగడానికి వ్యవధి ఉండదు.

కొమరన్నకు భయం వేసింది. చెమట పట్టిన చేతిలో కర్ర జారింది. ఒళ్లు తుడుచుకునే తువ్వాలుతో దాన్ని గట్టిగా చుట్టి పట్టుకుని, భేరిని రెండోసారి మోగించాడు.

ధాం! ధాం! ధాం!

ఊరంతా చేతిలో పని ఆపి బురుజు వైపు తిరిగింది. భేరి రెండోసారి మోగడం వెచ్చగిరిలో ఎవరూ ఎరగరు.

"మందల్ని దించండి!" కొమరన్న బురుజు అంచున నిలబడి అరిచాడు. "నేను పొద్దున చెప్పింది తప్పేమో! చలివాన రావచ్చు! మందల్ని దించండి!"

కింది నుంచి ఆ కేకను అందుకుని ఒకరికొకరు గుట్ట దాకా చేరవేశారు. పైనున్న మందలు మెల్లగా కదిలాయి. ఇంతలో రాజు కుంభవర్మ, ఆయన వెనకే మంత్రి చండకీర్తి మెట్లెక్కి వచ్చారు. మంత్రి ముఖం కందగడ్డలా ఉంది.

"తప్పేమో! రావచ్చు! విన్నారా ప్రభూ? భేరికాపు నోట ఇలాంటి మాటలు మనం ఎన్నడైనా విన్నామా?"

రాజు నెమ్మదస్తుడు. కొమరన్నంటే ఆయనకు అభిమానం కూడా. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"కొమరన్నా, చలివాన ఖాయంగా వస్తుందా?"

"తెలియదు ప్రభూ."

"తెలియకుండానే కొలువు పోగొట్టుకుంటావా?"

"నాకు తెలిసేదాకా ఆగితే, ముందు తెలిసేది గుట్ట మీది గొర్రెలకు ప్రభూ."

నియమం నియమమే. రాజు కొమరన్న చేతిలోంచి కర్ర తీసుకుని, మోకాలికి ఆన్చి రెండుగా విరిచేశాడు. కొమరన్న తలపాగా తీసి భేరి పక్కన పెట్టి, బురుజు దిగాడు.

అతడు ఆఖరి మెట్టు దిగాడో లేదో, గాలి ఠక్కున ఆగిపోయింది. నల్లని చార చెదిరిపోయినట్టే అనిపించింది. ఎండ ఫెళఫెళా కాసింది. పుష్యమాసమా, నడివేసవా అన్నట్టు జనానికి వీపుల వెంట చెమటలు కారాయి.

ఇక నవ్వులే నవ్వులు.

"కొమరన్నా, చలేస్తోందా? నిప్పు రాజేయమంటావా?" అన్నాడొకడు.

"పాపం, వణుకుతున్నాడురా, గొంగళి కప్పండి!" అన్నాడు ఇంకొకడు.

గుట్ట సగం దిగిన గొల్లలు కూడా ఆగిపోయారు. ఈ ఎండలో ఎందుకొచ్చిన తిప్పలని, మందల్ని మళ్లీ పైకి మళ్లించసాగారు.

నిజం చెప్పాలంటే, కొమరన్నకు లోలోపల కాస్త హాయిగానే అనిపించింది. పోతే కొలువు పోయింది, గొర్రెలు బతికాయి చాలు. ఇంటికి పోయి తలుపేసుకుంటే, నవ్వేవాళ్లు నాలుగు రోజులు నవ్వి మానేస్తారు. అలా అనుకుంటూ ఇంటి వైపు నడిచాడు. నడుస్తూ ఒకసారి గుట్ట వైపు చూశాడు.

గొల్లలు అదిలిస్తున్నా గొర్రెలు పైకి పోవడం లేదు. అంత ఎండలోనూ ఒకదానికొకటి ఒరుసుకుని, తలలు లోపలికి పెట్టి గుమిగూడుతున్నాయి. అన్నిటికంటే ముందు నల్లదొర కాళ్లు నేలలో పాతినట్టు నిలబడి ఉంది. కొమరన్న చప్పున ఆకాశంలోకి చూశాడు. రోజూ కోట మీద తిరిగే గద్దలు ఒక్కటీ లేవు. ఆకు కదలడం లేదు. గాలి పోలేదని, ఊపిరి బిగబట్టి ఉందని అతడికి తోచింది. అదీ అనుమానమే. రూఢిగా చెప్పలేడు.

కొమరన్న వెనక్కి తిరిగి పరుగెత్తాడు. బురుజు మెట్ల దగ్గర చండకీర్తి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"మూడోసారి మోగిస్తే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసయ్యా."

"ఇల్లు, వాకిలి, పుట్టి పెరిగిన ఊరు, అన్నీ వదులుకోవాలి. ఎండ చూడు ఎలా కాస్తోందో! పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టలేదయ్యా. ఉత్తి చేతులతో కూర్చుంటే పట్టేలా ఉంది."

"మోగించడానికి కర్రేది?"

కొమరన్న మంత్రి చేతి కింద నుంచి దూరి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయాడు. కర్ర లేదు. రెండు అరచేతులూ ఎత్తి భేరి మీద బాదాడు.

దబ్. దబ్. దబ్.

కర్రతో మోగినంత జోరుగా మోగలేదు. కొమరన్న ఇంకా గట్టిగా బాదాడు. అరచేతులు ఎర్రబడ్డాయి, ఆపైన చర్మం చిట్లింది. అయినా ఆపలేదు. "దిగండి!" అని అరుస్తూనే ఉన్నాడు. "ఎండను నమ్మకండి! దిగండి!" గొల్లలు వింటున్నారో, నవ్వుతున్నారో అతడికి తెలియదు. కళ్లలో చెమట నిండి గుట్ట కూడా సరిగా కనిపించడం లేదు.

గుట్ట మీద ఆ వేళ ఏం జరిగిందో అతడికి తరువాత తెలిసింది. మూడోసారి భేరి వినగానే గొల్లలు తగువు పడ్డారట. ఎండ కాస్తుంటే దిగడమేంటి, వాడి మాటకు విలువేంటి అని కొందరన్నారట. అప్పుడు బీరమ్మ కర్ర నేలకేసి కొట్టి గద్దించిందట.

"ఒరే, మొదటిసారి మోగిస్తే ఆయనకు పోయేదేం లేదు. ఆ మాట నమ్మి గొర్రెల్ని బోడి చేశాం. ఇప్పుడు ఊరు పోగొట్టుకుని మోగిస్తున్నాడు. ఈ మాట నమ్మమా? నడవండి కిందికి!"

మందలు గుట్ట దిగాయి. ముందు గొర్రెలు కోట వాకిలి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది, ఎండ మసకబారింది. వెనక గొర్రెలు రాతిబాటలో ఉండగానే ఈశాన్యం గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. వెంటనే వాన. మామూలు వాన కాదు, మంచు కరిగి పడుతున్నట్టు ఒళ్లు కొంకర్లు పోయే వాన. దానితో పాటు వడగళ్లు. వెచ్చగిరిలో గంట కిందట చెమటలు తుడుచుకున్న జనం దవడలు అదురుతుంటే నిలువునా వణికిపోయారు.

"తలుపులు తెరవండి!" అని రాజే గట్టిగా కేకేశాడు. "కోట తలుపులు, ఇళ్ల తలుపులు, అన్నీ తెరవండి!"

గొర్రెలు వసారాల్లోకి, వంటింట్లోకి, దివాణంలోకి వచ్చేశాయి. సంతకు పంపడానికి కట్టలు కట్టిన నిరుటి గొంగళ్లన్నీ విప్పి వాటి మీద కప్పారు. నల్లదొర ఏకంగా చండకీర్తి గారి పడకగదిలోకి పోయి, ఆయన పట్టు శాలువా చుట్టుకుని కూర్చుంది.

"మంత్రిగారూ, ఇది మరీ పలచగా ఉంది. ఇంకోటి ఉంటే తెప్పిస్తారా?" అని అడిగిందట.

మంద దక్కింది. కానీ బాటలో వెనకబడిన కొన్ని గొర్రెపిల్లలు మాత్రం దక్కలేదు. బీరమ్మ ఒక పిల్లను ఒడిలో పెట్టుకుని కోట వసారాలో కూర్చుంది. అది కదలడం లేదు. కొమరన్న వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"పొద్దుటి మాట నాదే, చెల్లీ," అన్నాడు.

బీరమ్మ కళ్లు తుడుచుకుంది. చిట్లిన అతడి అరచేతుల వంక చూసింది.

"మధ్యాహ్నం మాటా నీదే కదన్నా," అంది.

వాన వెలిశాక కొలువు తీరింది. కొమరన్నను క్షమించమని గొల్లలు వేడుకున్నారు. చండకీర్తి ఒప్పుకోలేదు.

"గొర్రెలు బతకడం సంతోషమే ప్రభూ. కానీ నేడు ఒక నియమం తప్పితే రేపు ఏ నియమమూ నిలవదు. ఎవరికి తోచినట్టు వాళ్లు మాట మారుస్తారు."

రాజు మనసు పీకింది. కాదనే ధైర్యం మాత్రం రాలేదు. తలవంచుకుని, సరేనన్నాడు. కొమరన్న ఎవరినీ నిందించలేదు. ఇల్లాలిని వెంటబెట్టుకుని పొలిమేర వాగు దాటి, ఆవలి ఒడ్డున ఒక గుడిసె వేసుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే గుట్ట కనబడేది. ఊరు కనబడేది కాదు. ఊరి కోసం అతడు చాలా బెంగపడ్డాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. చండకీర్తి ఏరి కోరి కొత్త భేరికాపును పెట్టాడు. అతడి పేరు స్థిరమతి. పుట్టినప్పటి నుంచి అన్న మాట వెనక్కి తీసుకోని మనిషి. ఒకనాటి ఉదయం అతడు బురుజెక్కి, కొత్త కర్రతో భేరి మోగించాడు.

ఆ మోత పొలిమేర అవతలికి కూడా వినిపించింది. కొమరన్న గుడిసె బయటికి వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి గుట్ట వైపు చూశాడు. గుట్ట దిగిన మందలు కోట వైపు పోవడం లేదు. బారులు తీరి తన గుడిసె వైపే వస్తున్నాయి.

బీరమ్మ వాగు దాటి వచ్చి, నడుముకు దోపుకున్న కత్తెర బయటికి తీసింది.

"అన్నా, కత్తిరించమంటావా?"

"నన్నడుగుతావేమమ్మా? నాకు కొలువు లేదు, ఊరూ లేదు. అక్కడ భేరి మోగిందిగా!"

"మోగితే మోగింది. నువ్వు చెప్పు."

మందల వెనకే దుమ్ములో నడుచుకుంటూ ఇంకొకాయన వచ్చాడు. కిరీటం లేదు, పల్లకీ లేదు. కాళ్లకు మట్టి అంటిన ఆ మనిషి రాజు కుంభవర్మ అని తెలియడానికి కొమరన్నకు కొంతసేపు పట్టింది. మైదానానికి ఒక్క గొర్రె కూడా రాకపోయేసరికి ఆయనే బయలుదేరి వచ్చాడు.

"బీరమ్మా," అన్నాడు రాజు, "స్థిరమతి ఎన్నడూ మాట మార్చని మనిషి. కొమరన్న ఒకే రోజున మూడు మాటలు చెప్పాడు. అతణ్ని కాదని ఇతణ్ని అడుగుతున్నారెందుకు?"

బీరమ్మ చేతులు జోడించింది.

"ఆయన మాట మారదు ప్రభూ. ఆకాశం మారినా మారదు. అందుకే మాకు భయం."

రాజు కొమరన్న దగ్గరికి వచ్చి, మచ్చలు కట్టిన అతడి రెండు అరచేతులనూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నిరుడు నాకు నీ పాటి ధైర్యం లేకపోయింది, కొమరన్నా. నా తప్పు నేనూ దిద్దుకుంటాను. నేటి నుంచి ఆ నియమం లేదు. ఆకాశం ఎన్నిసార్లు మారితే చలిభేరి అన్నిసార్లు మోగుతుంది. నువ్వే మోగించాలి. మన ఊరికి పోదాం, రా."

కొమరన్న కళ్లనిండా నీళ్లతోనే తలెత్తి నాలుగు దిక్కులూ చూశాడు.

"ఇప్పటికైతే బాగానే ఉంది ప్రభూ. రేపటి సంగతి నాకు తెలియదు. మారితే మారిందని ఆ క్షణమే చెబుతాను."

అతడి నోట ఆ మాట రావడమే ఆలస్యం, గొల్లలందరూ కత్తెరలు తీశారు.

తప్పని తెలిసిన మాటను, తనకెంత నష్టమైనా సరే, వెంటనే దిద్దుకునేవాడి మాటనే లోకం నమ్ముతుంది.